ఒకే ఫార్ములా, వేర్వేరు అయస్కాంతాలు



రెండు నల్లటి పొడులు ఉన్నాయనుకుందాం. రెండింటిలోనూ ఉన్నవి అవే మూలకాలు. స్ట్రాన్షియం, ఇనుము, మాలిబ్డినం, ఆక్సిజన్. పాళ్లు కూడా అవే. స్ట్రాన్షియం రెండు, ఇనుము ఒకటి, మాలిబ్డినం ఒకటి, ఆక్సిజన్ ఆరు. రసాయన విశ్లేషణకు పంపితే రెండింటికీ ఒకే నివేదిక వస్తుంది. కానీ అయస్కాంత బలం కొలిచే యంత్రంలో పెట్టి చూస్తే ఒకటి గట్టిగా స్పందిస్తుంది, రెండోది అందులో సగం కూడా చూపదు. ఏ పరమాణువులు ఎన్ని ఉన్నాయో ఫార్ములా చెప్పింది, అది నిజమే చెప్పింది. ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో మాత్రం చెప్పలేదు. పెరొవ్‌స్కైట్ ఆక్సైడ్లు అనే పదార్థాల కుటుంబంలో పరమాణువుల చోట్లు తారుమారైతే అయస్కాంతత్వం ఏమవుతుందో ఈ పూట మీతో ముచ్చటిస్తాను.

పెరొవ్‌స్కైట్ అన్నది మొదట ఒక ఖనిజం పేరు. 1839లో రష్యాలోని ఉరల్ పర్వతాల నుంచి వచ్చిన రాతి నమూనాలో జర్మన్ ఖనిజ శాస్త్రజ్ఞుడు గుస్తావ్ రోజె ఈ కొత్త ఖనిజాన్ని గుర్తించాడు. ఖనిజాలంటే మక్కువ ఉన్న రష్యన్ ప్రభువు లెవ్ పెరొవ్‌స్కీ పేరు దానికి పెట్టాడు. అందులో ఉండేవి కాల్షియం, టైటానియం, ఆక్సిజన్. దాన్ని అయస్కాంతం ఆకర్షించదు. కానీ దాని పరమాణువుల అమరిక చాలా సర్దుబాటు గలది. ఆవర్తన పట్టికలోని లోహాల్లో ఎక్కువ భాగాన్ని ఆ అమరికలో ఇమడ్చవచ్చు. ఈమధ్య సౌర ఫలకాల వార్తల్లో పెరొవ్‌స్కైట్ అనే మాట మీరు వినే ఉంటారు. వాటి అమరికా ఇదే, కాకపోతే ఆక్సిజన్ ఉండాల్సిన చోట అయొడిన్, బ్రోమిన్ లాంటివి ఉంటాయి. ఇవాళ మన మాటలు ఆక్సైడ్ల వరకే.

ఆ అమరిక ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. ఒక ఘనం. దాని నడిమధ్యలో ఒక చిన్న లోహ పరమాణువు, ఇనుమో, మాంగనీసో, నికెలో. ఘనానికి ఆరు ముఖాలు కదా, ఒక్కో ముఖం మధ్యన ఒక్కో ఆక్సిజన్. ఎనిమిది మూలల్లో పెద్ద పరమాణువులు, అంటే లాంథనం, స్ట్రాన్షియం, బేరియం లాంటివి. ఇలాంటి ఘనాలను పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే స్ఫటికం తయారవుతుంది. పుస్తకాల్లో మూల స్థానాన్ని ఏ అనీ, నడిమి స్థానాన్ని బీ అనీ రాస్తారు. వింటూ గుర్తుపెట్టుకోవడానికి వీలుగా నేను మూల, నడిమి అనే అంటాను.

అయస్కాంత గుణమంతా దాదాపుగా నడిమి పరమాణువులదే. ఒక్కొక్కటీ ఒక చిన్న అయస్కాంతం. దానికి ఒక దిశ ఉంటుంది, బాణం గుర్తు వేసి చూపించవచ్చు. అయితే రెండు నడిమి పరమాణువులు ఒకదానికొకటి తగలవు. మధ్య దూరం సుమారు 4 ఆంగ్‌స్ట్రామ్‌లు. మిల్లీమీటరును కోటి భాగాలు చేస్తే అందులో నాలుగు భాగాలన్నమాట. పరమాణు లోకంలో అది చాలా దూరం. ఇద్దరి మధ్యా సరిగ్గా ఒక ఆక్సిజన్ ఉంటుంది. నీ బాణం ఎటు ఉంటే నా బాణం ఎటు ఉండాలన్న ఒప్పందం ఆ ఆక్సిజన్ ఎలక్ట్రాన్ల ద్వారానే కుదురుతుంది. 1934లో డచ్ శాస్త్రవేత్త క్రామర్స్ ఈ ఆలోచనకు నాంది పలికాడు. 1950లలో అమెరికాలో జాన్ గుడినఫ్, జపాన్‌లో జున్‌జిరో కనమోరి, ఎవరి పక్కన ఎవరుంటే బాణాలు ఎటు తిరుగుతాయో చెప్పే నియమాలను రూపొందించారు. లిథియం బ్యాటరీలకు 2019లో నోబెల్ బహుమతి అందుకున్నది ఈ గుడినఫే.

ఆ నియమాల్లో మనకు కావలసినవి రెండే. ఇనుము, ఆక్సిజన్, ఇనుము ఒకే వరుసలో ఉంటే రెండు ఇనుముల బాణాలూ ఎదురెదురు దిక్కులకు తిరుగుతాయి. ఆ పట్టు చాలా గట్టిది. లాంథనం ఇనుము ఆక్సైడులో సుమారు 470 డిగ్రీల సెల్సియస్ వేడికి గాని అది సడలదు. అదే నికెల్, ఆక్సిజన్, మాంగనీసు వరుసగా ఉండి, నికెల్ రెండు ఎలక్ట్రాన్లు, మాంగనీసు నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటే, రెండు బాణాలూ ఒకే దిక్కుకు తిరుగుతాయి. పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టే అంతా మారిపోతుంది. కాబట్టి ఒక పరమాణువు ఉండాల్సిన చోట మరొకటి కూర్చుంటే చెడేది ఆ ఒక్క చోటే కాదు, చుట్టూ ఉన్న ఆరు ఒప్పందాలూ తిరగబడతాయి.

ఇప్పుడు మొదట చెప్పిన నల్లటి పొడి దగ్గరకు వద్దాం. స్ట్రాన్షియం, ఇనుము, మాలిబ్డినాల ఈ ఆక్సైడును జోడు పెరొవ్‌స్కైట్ అంటారు. మూలల్లో స్ట్రాన్షియం ఉంటుంది. నడిమి స్థానాల్లో సగం ఇనుము, సగం మాలిబ్డినం. అవి చదరంగం బల్ల మీద తెలుపు, నలుపు గళ్ల లాగా ఒకటి విడిచి ఒకటి వస్తాయి, అదీ పొడవు, వెడల్పు, ఎత్తు మూడు దిక్కుల్లోనూ. అమరిక లోపం లేకుండా ఉంటే ఏ ఇనుము పక్కనా మరో ఇనుము ఉండదు.

1998లో జపాన్‌లో తోకురా బృందం ఈ పదార్థాన్ని నేచర్ పత్రికలో ప్రకటించినప్పుడు అందరి దృష్టీ దాని మీద పడింది. అప్పటిదాకా పేరుపొందిన మాంగనీసు ఆక్సైడ్లలో చాలావాటి అయస్కాంత గుణం గది వేడి దగ్గరకు వచ్చేసరికి తగ్గిపోయేది. ఇది మాత్రం సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాకా అయస్కాంతంగానే ఉంటుంది. పైగా ఇందులో విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్లన్నీ ఒకే స్పిన్ గలవని, అంటే వాటి చిన్న బాణాలన్నీ ఒకే దిక్కుకు ఉంటాయని లెక్కలు చెప్పాయి. స్పిన్ ఆధారంగా పనిచేసే పరికరాలు చేయాలనుకునే వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

కానీ అప్పుడే ఒక లెక్క తేడా వచ్చింది. ఇనుము బాణం బలం 5 యూనిట్లు. ఈ యూనిట్‌ను బోర్ మాగ్నెటాన్ అంటారు. మాలిబ్డినం బలం 1 యూనిట్, అదీ ఎదురు దిక్కుకు. ఐదులోంచి ఒకటి పోతే నాలుగు. ఒక్కో ఫార్ములాకు 4 యూనిట్లు రావాలి. తీరా కొలిస్తే వచ్చింది 3కి కాస్త అటూ ఇటూ. ఆ మిగతా ఒక్కటీ ఏమైంది?

కొన్ని ఇనుములు మాలిబ్డినం గళ్లలోకి, అంతే సంఖ్యలో మాలిబ్డినాలు ఇనుము గళ్లలోకి వెళ్లి కూర్చున్నాయి. దీనివల్ల ఎంత నష్టమో కాగితం, పెన్నూ ఉంటే ఇంట్లో కూర్చుని లెక్క వేయవచ్చు. సరైన చోట ఉన్న జంట 5 లోంచి 1 తీసేసి 4 ఇస్తుంది. చోటు మారిన ఇనుము చుట్టూ ఇప్పుడు ఇనుములే ఉన్నాయి. ఇనుముకూ ఇనుముకూ ఎదురుబాటు కాబట్టి దాని బాణం తిరగబడుతుంది, మైనస్ 5. చోటు మారిన మాలిబ్డినం ప్లస్ 1. కలిపితే మైనస్ 4. అంటే ప్లస్ 4 ఇవ్వాల్సిన జంట మైనస్ 4 ఇస్తోంది, తేడా 8. నూటికి పది జంటలు చోటు మారితే సగటున 0.8 పోయి 3.2 మిగులుతుంది. నూటికి యాభై మారితే, అంటే ఏది ఎక్కడ కూర్చున్నా ఒకటే అన్నంతగా కలగలిసిపోతే, లెక్క ప్రకారం సున్నా. ఇంత సులువైన లెక్క నిజం పదార్థానికి సరిపోతుందా అని అనుమానం వస్తుంది. సరిపోయింది. 2001లో బార్సిలోనా శాస్త్రజ్ఞులు వేర్వేరు మోతాదుల్లో చోట్లు మారిన నమూనాలు తయారుచేసి కొలిస్తే అయస్కాంత బలం దాదాపుగా ఈ లెక్క చెప్పిన గీత మీదే పడింది. ఇలా సూటిగా లెక్కకు అందే ఉదాహరణలు ఘన పదార్థాల శాస్త్రంలో తక్కువ. అందుకే ఈ విషయం మొదలుపెట్టే విద్యార్థులకు ముందుగా ఈ పదార్థాన్నే చూపాలని నా అభిప్రాయం.

ఈ రెండూ అసలు చోట్లు ఎందుకు మార్చుకుంటాయి? స్ఫటికంలో వాటిని వేరుచేసి పెట్టగలిగేవి రెండే, పరిమాణంలో తేడా, విద్యుదావేశంలో తేడా. ఇక్కడ ఇనుము అయాన్ వ్యాసార్ధం 0.645 ఆంగ్‌స్ట్రామ్, మాలిబ్డినం అయాన్‌ది 0.61. ఇంచుమించు సమానం. ఆవేశం ఇనుముకు మూడు, మాలిబ్డినానికి ఐదు. రెండు యూనిట్ల తేడా. అది వాటిని వేరు చేయడానికి సరిపోతుంది గానీ ఒక్క పొరపాటూ జరగకుండా కాపాడేంత పెద్దది కాదు. ఇదే ఇనుమును క్రోమియంతో కలిపి చూడండి. రెండింటికీ ఆవేశం మూడే, పరిమాణమూ దగ్గరే. చదరంగం బల్ల అమరిక వాటంతట అవి వేసుకోవు. ఇనుము, క్రోమియం ఒకటి విడిచి ఒకటి వస్తే ఫెర్రో అయస్కాంతం, అంటే బాణాలన్నీ ఒకే దిక్కుకు ఉండే అయస్కాంతం, అవుతుందని గుడినఫ్, కనమోరి నియమాలు చెబుతున్నా, మామూలుగా కలిపి కాల్చిన పొడిలో అది కనిపించదు. 1998లో జపాన్ శాస్త్రజ్ఞులు ఆ రెంటినీ ఒక్కొక్క పొరగా పేర్చి పలుచటి పొరల స్ఫటికం కట్టవలసి వచ్చింది.

మిగిలిన భారమంతా ఫర్నేస్ మీదే. ఈ పొడిని ఎలా చేస్తారో చూడండి. స్ట్రాన్షియం కార్బొనేటు, ఇనుము ఆక్సైడు, మాలిబ్డినం ఆక్సైడు తూకం వేసి అగేట్ కల్వంలో మెత్తగా నూరుతారు. ముందు గాలిలో 900 డిగ్రీల దగ్గర కాలుస్తారు. మళ్లీ నూరి, బిళ్లగా నొక్కి, కొద్దిగా హైడ్రోజన్ కలిసిన ఆర్గాన్ వాయువులో 1200 డిగ్రీల దగ్గర మరోసారి కాలుస్తారు. ఆక్సిజన్ ఎక్కువైతే స్ట్రాన్షియం మాలిబ్డేటు అనే తెల్లటి మలినం విడిపోతుంది. వేడి తక్కువైతే పరమాణువులకు కదిలి సరైన గడి చేరుకునే శక్తి ఉండదు. వేడి మరీ ఎక్కువైతే అవి ఒకచోట కుదురుగా ఉండవు. ఆ వేడి మీద ఉండగానే ఒక్కసారిగా చల్లారిస్తే ఆ కలగాపులగం అలాగే గడ్డకట్టుకుపోతుంది. మొదట చెప్పిన రెండు పొడుల కథ ఇదే. ఒకదాన్ని నింపాదిగా చల్లార్చారు, రెండోదాన్ని కరిగించి ఉన్నపళంగా చల్లార్చారు.

ఈ పనిలో భారతీయుల పాలు చిన్నది కాదు. 2000లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన డి. డి. శర్మ, సహచరులు ఈ పదార్థాన్నే క్రమంగా ఒకసారి, చెదిరిపోయేలా ఒకసారి తయారుచేసి రెండింటి గుణాలనూ పక్కపక్కన పెట్టి చూపించారు. అయస్కాంత క్షేత్రం పెడితే విద్యుత్ నిరోధం తగ్గే మోతాదు చెదిరిన నమూనాలో బాగా పడిపోయింది. మరుసటి సంవత్సరం తనుశ్రీ సాహా దాస్‌గుప్తా, శర్మ కలిసి చేసిన గణన, ఇనుము మాలిబ్డినాలు చోట్లు మార్చుకున్నప్పుడు ఒకే స్పిన్ ఎలక్ట్రాన్లు మాత్రమే విద్యుత్తును మోసే గుణం నిలవదని తేల్చింది. ఈ పదార్థం మీద పెట్టుకున్న ఆశలన్నీ ఆ గుణం మీదే కాబట్టి అది పెద్ద హెచ్చరిక.

నా మనసుకు ఎక్కువగా పట్టింది మాత్రం 2009లో ఇటలీ శాస్త్రజ్ఞులతో కలిసి శర్మ, సుగత రే బృందం చేసిన పని. ఎక్స్-కిరణాలతో మామూలుగా చేసే పరీక్ష స్ఫటికం మొత్తానికీ సగటు చెబుతుంది. నూటికి ఇన్ని చోట్లు మారాయి అంటుంది. ఒక్కో పరమాణువు పక్కన నిజంగా ఎవరున్నారో అది చెప్పదు. ఈ బృందం ఇరుగుపొరుగును మాత్రమే చూసే మరో ఎక్స్-కిరణ పద్ధతి వాడింది. సగటులో బాగా చెదిరినట్టు కనిపించిన నమూనాల్లో కూడా చాలా ఇనుముల పక్కన మాలిబ్డినాలే ఉన్నాయని తేలింది. అంటే చోటు మారినవి విడివిడిగా అక్కడొకటి ఇక్కడొకటి లేవు. చక్కగా అమరిన ముక్కలు ఉన్నాయి. ఒక ముక్కలో ఇనుము తెల్లగడిలో ఉంటే పక్క ముక్కలో నల్లగడిలో మొదలైంది. రెండు ముక్కలూ కలిసే సరిహద్దు దగ్గర మాత్రమే ఇనుము, ఇనుము ఎదురుపడుతున్నాయి. చెదరడంలోనూ ఒక తీరు ఉందన్నమాట. రెండు రకాల చెదురుబాటుకూ సగటు అంకె ఒకటే రావచ్చు, ఇరుగుపొరుగు మాత్రం వేరు. అందుకే ఆ ఒక్క సగటు అంకెనే నమ్ముకుని పదార్థాన్ని అంచనా వేయడం సరికాదు.

ఇంతవరకూ నడిమి స్థానాల సంగతి. మూలల్లో ఉన్న పెద్ద పరమాణువులకు అయస్కాంత బలం లేకపోయినా అవి కూడా ఊరుకోవు. దీనికి మాంగనీసు ఆక్సైడ్లే మంచి సాక్ష్యం. వీటినే మాంగనైట్లు అంటారు. మాంగనీసు మనకు కొత్తది కాదు, విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు దాని గనులున్నాయి. 1950లో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్‌లో, ఫిలిప్స్ సంస్థ ప్రయోగశాలలో యోంకర్, వాన్ శాంటెన్ అనే ఇద్దరు లాంథనం మాంగనీసు ఆక్సైడులో కొంత లాంథనం తీసేసి స్ట్రాన్షియం పెట్టి చూశారు. అసలు పదార్థంలో బాణాలు సరిసమానంగా ఎదురెదురుగా ఉంటాయి, పైకి అయస్కాంతం కనిపించదు. మూడో వంతుకు కాస్త తక్కువగా స్ట్రాన్షియం చేరేసరికి అది దాదాపు నీళ్లు మరిగే వేడి దాకా నిలిచే ఫెర్రో అయస్కాంతంగా మారింది, విద్యుత్తును కూడా ప్రవహింపజేసింది. 1951లో క్లారెన్స్ జీనర్ దానికి కారణం చెప్పాడు. స్ట్రాన్షియం రావడంతో కొన్ని మాంగనీసులకు ఒక ఎలక్ట్రాన్ తగ్గింది. పక్క మాంగనీసు నుంచి ఎలక్ట్రాన్ ఆక్సిజన్ మీదుగా అక్కడికి దూకుతుంది. రెండు బాణాలూ ఒకే దిక్కుకు ఉంటేనే ఆ దూకుడు సులువు. కాబట్టి ఎలక్ట్రాన్ తిరిగే కొద్దీ బాణాలన్నీ ఒక దిక్కుకు వస్తాయి.

ఎలక్ట్రాన్ దూకాలంటే దారి తిన్నగా ఉండాలి. మాంగనీసు, ఆక్సిజన్, మాంగనీసు ఒకే గీత మీద ఉంటే బాగా దూకుతుంది, దారి వంగితే కష్టం. దారి ఎంత వంగుతుందన్నది మూలల్లోని పరమాణువుల పరిమాణాన్ని బట్టి ఉంటుంది. లాంథనం వ్యాసార్ధం 1.36 ఆంగ్‌స్ట్రామ్‌లు, కాల్షియం 1.34, స్ట్రాన్షియం 1.44, బేరియం 1.61. సగటు పరిమాణం తగ్గితే దారులన్నీ వంగుతాయి, అయస్కాంతం తక్కువ వేడికే సడలుతుంది. ఇది ముందే తెలుసు. మరి సగటు ఒకటే ఉంచి, లోపల ఎక్కువతక్కువలు పెంచితే?

1996లో బ్రిటన్‌లో రొడ్రిగెజ్ మార్టినెజ్, ఆట్‌ఫీల్డ్ అడిగిన ప్రశ్న అదే. వాళ్లు వరసగా కొన్ని మాంగనైట్లు చేశారు. అన్నింటిలోనూ ఎలక్ట్రాన్ల లెక్క ఒకటే, మూల పరమాణువుల సగటు వ్యాసార్ధం ఒకటే. మారిందల్లా పరిమాణాల మధ్య ఎడం. ఒకదానిలో దాదాపు సమానమైన పరమాణువులు, మరొకదానిలో బాగా పెద్దవీ బాగా చిన్నవీ కలిపి అదే సగటు తెచ్చారు. ఎడం పెరిగిన కొద్దీ అయస్కాంతం నిలిచే ఉష్ణోగ్రత తిన్నటి గీతలా దిగిపోయింది. ప్రయోగం అంటే ఇలా ఉండాలి అనిపించే పని ఇది. మిగతా అన్నింటినీ కట్టిపడేసి ఒక్కదాన్నే కదిలించారు. సగటు మారకపోయినా ఒక్కో మాంగనీసు చుట్టూ పరిసరాలు వేర్వేరు అయ్యాయి. ఇక్కడ దారి తిన్నగా, పక్కన వంకరగా. ఎలక్ట్రాన్లు వెళ్లే కొద్దీ ఎక్కడో ఒకచోట చిక్కుకుపోతున్నాయి.

1998లో ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో బెర్నార్ రవో బృందం దీన్ని మరో వైపు నుంచి రుజువు చేసింది. లాంథనం, బేరియం సగం సగం ఉన్న మాంగనైట్ తీసుకున్నారు. గాలిలో మామూలుగా కాలిస్తే లాంథనం, బేరియం మూలల్లో ఎలా పడితే అలా సర్దుకుంటాయి. అది మైనస్ 3 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది. వీళ్లు ముందు ఆక్సిజన్ చాలా తక్కువ ఉన్న వాతావరణంలో కాల్చి, లాంథనం ఒక పొర, బేరియం ఒక పొరగా విడిపోయేలా చేశారు. ఆ తర్వాత తక్కువ వేడి మీద ఆక్సిజన్‌ను తిరిగి ఎక్కించారు. ఆ వేడికి ఆక్సిజన్ లోపలికి దూరగలదు గానీ లాంథనం, బేరియం కదలలేవు. పొరలు పొరలుగానే ఉండిపోయాయి. అదే ఫార్ములా, కానీ అయస్కాంతం 62 డిగ్రీల దాకా నిలిచింది. 65 డిగ్రీల తేడా! ఒకటి నీళ్లు గడ్డకట్టే చలి దగ్గరే చేతులెత్తేస్తుంది, రెండోది రాయలసీమ ఎండనైనా తట్టుకుంటుంది.

ఇక్కడిదాకా వింటే చెదిరిన అమరిక అంటే నష్టమే అనిపిస్తుంది. అది సగం నిజమే, రెండో సగం కూడా ఉంది. 1994లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో మాంగనైట్ పలుచటి పొరల మీద అయస్కాంత క్షేత్రం పెడితే విద్యుత్ నిరోధం వెయ్యి రెట్లకు పైగా తగ్గింది. ప్రపంచమంతటా మాంగనైట్ల వెంట పడడానికి కారణం అదే. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలోనూ మాంగనైట్ల మీద ఏళ్ల తరబడి పని సాగింది. 2003లో అకహోషి, తోకురా తదితరులు జపాన్‌లో క్రమంగా పొరలు కట్టిన మాంగనైట్లనూ, అవే మూలకాలతో చెదిరిన మాంగనైట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ బ్రహ్మాండమైన నిరోధ మార్పు చెదిరిన వాటిలోనే కనిపించింది. ఒక పక్క ఫెర్రో అయస్కాంతం, మరో పక్క ఎలక్ట్రాన్లు కదలకుండా వరుస కట్టే స్థితి. రెండూ సమ ఉజ్జీలుగా పోటీ పడుతున్న చోట కొద్దిపాటి చెదురుబాటు చాలు, ఏదీ పూర్తిగా గెలవదు. అప్పుడు బయటి నుంచి చిన్న అయస్కాంత క్షేత్రం పెట్టినా పోటీ ఒక వైపుకు ఒరిగిపోతుంది. చెదురుబాటు మరీ ఎక్కువైతే బాణాలు ఏ వరసా లేకుండా, ఎటు ఉన్నవి అటే బిగుసుకుపోతాయి. ఆ స్థితిని స్పిన్ గాజు అంటారు.

ఇంకా విచిత్రమైనది స్విట్జర్లాండ్ నుంచి వచ్చింది. కొన్ని పదార్థాల్లో బాణాలు ఒక పొర నుంచి మరో పొరకు కాస్త కాస్త తిరుగుతూ సుడి కడతాయి. అలాంటి సుడి విద్యుత్ ధ్రువణాన్ని కూడా, అంటే ఒక వైపు ధనావేశం, మరో వైపు ఋణావేశం ఉండే స్థితిని, పుట్టించగలదు; అలాంటి ధ్రువణం 2003లో టెర్బియం మాంగనైట్‌లో కనిపించింది. అయస్కాంతంతో విద్యుత్తునూ, విద్యుత్తుతో అయస్కాంతాన్నీ తిప్పవచ్చన్న ఆశ అప్పుడే మొదలైంది. కాకపోతే ఆ గుణం మైనస్ 245 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే కనిపిస్తుంది. దాన్ని గది వేడికి తేవడం ఎలా? యిట్రియం, బేరియం, రాగి, ఇనుము కలిసిన ఒక పొరల పెరొవ్‌స్కైట్ ఉంది. విలిగెన్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు దాన్ని ఒకే పాళ్లలో చేసి, చల్లార్చే వేగం మాత్రం మార్చారు. కొన్నింటిని ఫర్నేస్‌లోనే నెమ్మదిగా, కొన్నింటిని ఇంకా వేగంగా చల్లార్చారు, చివరికి ఒకదాన్ని ఎర్రగా కాలుతుండగానే ద్రవ నైట్రోజన్‌లో ముంచారు. వేగంగా చల్లార్చిన కొద్దీ రాగి, ఇనుము ఎక్కువగా చోట్లు మార్చుకున్నాయి. సుడి నిలిచే ఉష్ణోగ్రత మైనస్ 119 డిగ్రీల నుంచి 37 డిగ్రీల సెల్సియస్‌కు పెరిగింది. మన ఒంటి వేడి అంత. 2016లో ఈ ఫలితం వెలువడింది.

ఎందుకలా? ఈ పదార్థంలో రాగి, ఇనుము జంటలుగా ఉండాలి, జంటలో రెండు బాణాలూ ఒకే వైపుకు. అక్కడక్కడా రాగికి బదులు మరో ఇనుము వచ్చి కూర్చుంటే ఇనుము ఇనుము జంట తయారవుతుంది. ముందే చెప్పుకున్నట్టు వాటిది గట్టి ఎదురుబాటు. అలాంటివి కొద్దిగానే ఉన్నా, వాటి పట్టు బలమైనది కాబట్టి చుట్టూ ఉన్న బాణాలు నిటారుగా ఉండలేక కొంచెం కొంచెం వంగుతూ రాజీ పడతాయి. ఆ రాజీయే సుడి. మాలిబ్డినం పొడిలో బలాన్ని తినేసిన ఇనుము ఇనుము ఎదురుబాటే ఇక్కడ సుడిని నిలబెట్టింది. ఈ సుడి నుంచి నిజంగా విద్యుత్ ధ్రువణం వస్తుందా లేదా అన్న వాదన ఇంకా తేలలేదు. కానీ చెదురుబాటును ఒక పనిముట్టుగా వాడుకోవచ్చని మాత్రం రుజువైంది. ఇప్పుడు జర్మనీలోని కార్ల్స్‌రూహె మొదలుకొని అనేక చోట్ల నడిమి స్థానంలో క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్టు, నికెల్ ఐదింటినీ సమపాళ్లలో కావాలనే కలిపి చూస్తున్నారు. అంత కలగలుపులోనూ ఆ పదార్థాల్లో అయస్కాంత క్రమం ఏర్పడటం ఆశ్చర్యమే.

ఈ ప్రసంగం వింటున్నవారిలో కళాశాలల్లో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చదువుతున్నవాళ్లు ఉంటే వాళ్లతో ఒక మాట. మీ ప్రాజెక్టులో పెరొవ్‌స్కైట్ చేసే అవకాశం వస్తే పాళ్లు రాసుకున్నంత శ్రద్ధగా ఫర్నేస్ వివరాలు కూడా నోటుపుస్తకంలో రాసుకోండి. ఎంత వేడి, ఎన్ని గంటలు, ఏ వాయువు, గంటకు ఎన్ని డిగ్రీల చొప్పున చల్లార్చారు, అన్నీ. స్ట్రాన్షియం ఇనుము మాలిబ్డినం పొడిని రాగితో ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రంలో పెడితే 32 డిగ్రీల కోణం దగ్గర పెద్ద శిఖరం కనిపిస్తుంది, అందరూ దాన్నే చూసి పని అయిందనుకుంటారు. అదే యంత్రంలో 19.6 డిగ్రీల కోణం దగ్గర ఒక చిన్న శిఖరం ఉంటుంది. ఇనుము, మాలిబ్డినం ఒకటి విడిచి ఒకటి అమరితేనే అది వస్తుంది. చెదిరిన కొద్దీ కుంగిపోతుంది, పూర్తిగా చెదిరితే మాయమవుతుంది. ఆ చిన్న శిఖరం ఎత్తు కొలవకుండా మీ పదార్థం అయస్కాంత బలం ఇంత అని రాయకండి. మీ గురువులు అడగకపోయినా కొలవండి.